లీడు గారి ముల్లు

మొన్న ఆదివారం బందరు చేపల మార్కెట్లో మా ఆవిడ అన్న ఒక్క మాటకి నేను నిలబడ్డచోటే కాసేపు ఆగిపోయాను. చేపలు కోస్తున్న ఆమెతో మా ఆవిడ, "ముల్లు తక్కువున్నది చూసివ్వమ్మా, మా ఆయనకి గొంతులో పడుతుంది" అంది. అన్న మాటలో అబద్ధమేమీ లేదు. మాది నందివాడ పక్క. పొలాలన్నీ చేపల చెరువులైపోయిన ఊళ్ళో పెరిగినా నాకు చేప తినడం చేతకాదు. ఈత రాని బాతులాంటివాణ్ణి.

కాని ఆ మాటకి నాకు గుర్తొచ్చింది చేప కాదు. ఒక ఎలక్ట్రిక్ గిటారు, దాన్ని పట్టుకున్న ఒక మనిషి. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. బతికుండి ఆ పక్కన నిలబడి ఉంటే, "ముల్లు వద్దనుకుంటే చేపెందుకమ్మా, ఉప్మా చేసి పెట్టు" అని ఉండేవారు. నవ్వకుండా అనేవారు కూడా.

ఆయన పేరు నాకు తెలుసు. అయితే ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు గనక, ఇప్పుడు రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టుంటుంది. మా ఆర్కెస్ట్రాలో ఆయనది లీడు గిటారు. అందుకని ఆయన లీడు గారు. మా దగ్గర లీడరు వేరు, లీడు వేరు. లీడరు గారు గుడివాడలో పంతులుగా రిటైరై, మైకులూ సౌండు బాక్సులూ ఒక పాత వ్యానూ కొని, మమ్మల్ని పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ తిప్పేవారు. లీడరు వెనక మేం నడిచేవాళ్ళం. లీడు వెనక పాట నడిచేది.

నేను రిథమ్ గిటారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే అది తోటిపెళ్ళికొడుకు ఉద్యోగం. మంచి బట్టలేసుకుని పక్కన కూర్చోవాలి, ఫోటోల్లో పడాలి. మనం లేకపోయినా పెళ్ళి ఆగదు. పగలు బందరులో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తాని. అక్కడా ఇంచుమించు ఇదే వాయిద్యం.

లీడు గారిది హార్బరు దగ్గర పల్లె. అన్నదమ్ములు వేటకి వెళ్ళేవారు, భార్య చేపల బుట్టతో బందరు వచ్చేది, ఆయన పడవల ఇంజన్లు బాగుచేసేవారు. గిటారు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే జీవిత చరిత్ర చెప్పేవారు కాదు. "మావాళ్ళు వల ఇసిరితే చేపలు పడతన్నాయి గదా, నేను తీగ మీటితే అమ్మాయిలు పడతారనుకున్నానండి. దోమలు పడ్డాయి" అని ఊరుకునేవారు. మా స్టేజీ లైట్ల చుట్టూ ముసిరే దోమల్ని చూసినవాళ్ళెవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

ప్రతి ప్రోగ్రాముకీ ముందు ఆయన జేబులోంచి నిమ్మచెక్క తీసి, చేతులు మోచేతుల దాకా రుద్దుకునేవారు. డీజిలు వాసనో చేప వాసనో పోవాలి. తర్వాత ఒక్కో వేలూ ముక్కు దగ్గర పెట్టుకుని పరీక్షించి, పది వేళ్ళూ పాసైతేనే గిటారు సంచి విప్పేవారు. సంచిలో పాత లుంగీ, లుంగీలో గిటారు, గిటారు పక్కన గుప్పెడు బియ్యం మూట. సముద్రపు గాలిలో ఉప్పూ తేమా తీగల్ని తినేస్తాయి. "తేమ ముందు బియ్యం తాగుద్ది, తర్వాతే తీగ జోలికొస్తది" అనేవారు. నెలకోసారి ఆ బియ్యం కోళ్ళకి వేసి కొత్తవి కట్టేవారు. వాళ్ళ కోళ్ళు శ్రుతిలో కూస్తాయని మా లీడరు గారి పరిహాసం.

ఆయన నన్ను మొదట్లో "బాబు గారూ" అనేవారు. ఒకసారి వాళ్ళింట్లో భోజనం పెట్టారు. పులుసులో తోక ముక్క వేశారు. నేను దాంతో పడుతున్న అవస్థ చూడలేక ఆయన భార్య నా పళ్ళెం తన ముందుకి లాక్కుని, ముళ్ళన్నీ ఏరి, ఉత్త కండ ఒకవైపు చేర్చి మళ్ళీ నా ముందుకి తోసింది. "మా సొంతల్లుడికి కూడా ఇంత చెయ్యలేదు నేను" అంది. ఆ పూట నుంచి నేను ఆయనకి "అల్లుడూ" అయిపోయాను. ముల్లు తీసిన అల్లుణ్ణి.

ముల్లు అన్నది ఆయన నోట్లో చేపకే పరిమితమైన మాట కాదు. శబ్దం బాగుందని గాని బాగాలేదని గాని ఆయన అనగా నేను వినలేదు. ముల్లుంది, ముల్లు లేదు, అంతే. ఎవరైనా గాయని సన్నగా, తీరుగా పాడితే ముల్లుంది. సౌండు మనిషి బొంయ్ బొంయ్ మనిపిస్తే ముల్లు లేదు. నా వాయింపు గురించి అడిగినప్పుడు మాత్రం కాసేపు ఆలోచించి, "నీది ఉడికిన బంగాళాదుంపయ్యా అల్లుడూ. కడుపు నిండుద్ది" అన్నారు. దాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకోలుగానే లెక్కేసుకుంటున్నాను.

దీని వెనక కొంచెం యంత్రజ్ఞానం ఉంది. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్ అని ఒక చిన్న దిమ్మ ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటారు. పైన గిటారు తీగ కదిలితే ఆ కదలికని ఇది పట్టుకుని ఆంప్లిఫయరుకి అందిస్తుంది. గిటారుకి చెవి అనుకోండి. ఆయన గిటారుకి మెడ దగ్గర ఒక పికప్, అటు చివర తీగలు ఆనుకునే బ్రిడ్జి దగ్గర ఒకటి. రెంటికీ తేడా ఏమిటని నేను అడిగితే గిటారుని అడ్డంగా ఒళ్ళో పడుకోబెట్టుకుని, చేపని చూపించినట్టు చూపించారు.

"మెడ కాడది పొట్ట ముక్క. మెత్తగుంటది, పిల్లలకి పెట్టొచ్చు. బ్రిడ్జి కాడది తోక ముక్క. ముల్లంతా అక్కడే. రుచి కూడా అక్కడే. తినే పద్ధతి తెలవాలంతే."

పాటలో చరణానికీ చరణానికీ మధ్య గిటారు ఒంటరిగా దూసుకొచ్చే చోటల్లా ఆయన వాడేది ఆ తోక ముక్కే. అదే పోయింది.

పోయిన సంగతి చెప్పాలంటే మా వ్యాను దారి చెప్పాలి. వ్యాను గుడివాడలో బయల్దేరి, బందరులో మమ్మల్ని ఎక్కించుకుని, దివిసీమకి సాగేది. డ్రైవరు ముందు అద్దానికి లీడరు గారు పంతులు అక్షరాలతో రాసిన చీటీ ఒకటి అంటించి ఉండేది. బస్టాండు పికప్, రిథమ్. బ్రిడ్జి పికప్, లీడు. హార్బరు రోడ్డులో వ్యాను తిప్పుకోవడం కష్టమని ఆయన బందరు చివర మురుగు డ్రైను మీదున్న బ్రిడ్జి దగ్గరికొచ్చి నిలబడేవారు. ఏళ్ళ తరబడి మా అందరి నోళ్ళలోనూ బ్రిడ్జి పికప్ అంటే అదే.

ఒక రోజు అవనిగడ్డలో మధ్యాహ్నం పెళ్ళి విందుకి మా ప్రోగ్రాం. బయల్దేరేముందు గిటారు ఒకసారి మీటి చూసుకోవడం లీడు గారి అలవాటు. మీటారు. మెడ దగ్గరది పలికింది, బ్రిడ్జి దగ్గరది పలకలేదు. విప్పి, ఇంజన్ల పనికి వాడే పాత మీటరు తగిలించి చూశారు. మీటరు ముల్లు కదల్లేదు. ముల్లు పోయిందని ముల్లే చెప్పింది. లోపల రాగి ఉప్పుగాలికి పచ్చబడి ఎక్కడో తెగింది. దాంతో కుస్తీ పడుతూ ఆయన ఇంట్లోనే ఉండిపోయారు. ఇక్కడ మేం బ్రిడ్జి మీద హారను కొట్టి కొట్టి, ఫోను ఎత్తకపోతే విసుగొచ్చి, ముందుకి సాగాం. కాసేపటికి ఆయనే చేశారు. లీడరు గారి పక్కనే ఉన్నాను గనక రెండువైపులా విన్నాను.

"బావా, బ్రిడ్జి పికప్ పోయింది" అన్నారు లీడు గారు, పొద్దున్నే ఇంట్లో ఎవరో పోయినట్టు.

"పోతే పోయిందిలే బావా. నిదానంగా బస్సెక్కి వచ్చెయ్" అన్నారు లీడరు గారు.

ఫోను పెట్టేశాక తనకి కళ్ళనీళ్ళొచ్చాయని లీడు గారు తర్వాత నాతో చెప్పారు. ఇంత నష్టం జరిగితే ఒక్క మాటైనా అనకుండా ధైర్యం చెప్పిన లీడరుకి జన్మంతా రుణపడాలనుకున్నారట. లీడరు గారేమో, వ్యాను తప్పించుకున్న మనిషి తప్పు తనే ఒప్పుకున్నాడు గదా అని సంతోషించారు. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఒకే మాట విన్నారు. నడుమ నేనొకణ్ణి, తెలుగూ గిటారూ రెండూ వచ్చినవాణ్ణి, బుర్ర లేకుండా కూర్చున్నాను.

నిదానంగా రమ్మన్నారు గదా అని ఆయన నిదానంగానే వచ్చారు. వచ్చేసరికి విందు సగమైంది. కొత్తగా చేరిన కీబోర్డు అతను, ఇంజనీరింగు చదివినవాడు, ఒక మీట నొక్కి గిటారు శబ్దం తెప్పించి లీడు గారి ముక్కలన్నీ తనే వాయించేస్తున్నాడు. జనం ఈలలు వేశారు. లీడు గారు స్టేజీ ఎక్కలేదు. షామియానా చివర, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర, భుజాన సంచితో చివరిదాకా నిలబడి విన్నారు.

సామాన్లు సర్దేటప్పుడు లీడరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. మనిషి మంచివారే, మెత్తగానే చెప్పారు. గిటారు లేకపోయినా నడిచిందనీ, అరవై దగ్గర పడుతుంటే ఈ తిరుగుడెందుకనీ, ఎప్పుడన్నా సరదాగా వచ్చి కూర్చోమనీ. సరదాగా అన్న మాటకి అర్థం మాకు తెలుసు. అంతకుముందు తబలా ఆయన కూడా అలాగే సరదాగా అయ్యారు. ఇంటి దగ్గరే ఉంటున్నారు.

లీడు గారు అప్పుడైనా ఫోనులో జరిగిన పొరపాటు విడమరచి చెప్పుకోవచ్చు. చెప్పలేదు. "వెనక నుంచున్నా బావా. నడిచింది నిజమే. వినపళ్ళా" అన్నారు.

"జనం ఈలలేశారు కదా?"

"ఈలలే వినపడ్డాయి."

తర్వాత పదిహేను రోజులకి దివిసీమలో సముద్రపు ఒడ్డు ఊళ్ళో తిరునాళ్ళ ప్రోగ్రాం ఉంది. ఆ రోజు మధ్యాహ్నం, సౌండు సరిచూసుకునే వేళ, లీడరు గారు మైదానం ఆ చివర నిలబడాలి. ముందు కీబోర్డు, తర్వాత గిటారు, ఒకే ముక్క వాయించాలి. కీబోర్డే బాగుంటే గిటారు లుంగీలో చుట్టేస్తానని లీడు గారే షరతు పెట్టారు. లీడరు గారు ఒప్పుకున్నారు. పంతుళ్ళకి పరీక్షలంటే ప్రీతి.

మొదట లీడు గారు పాత పికప్‌నే చుట్టించుకుందామనుకున్నారు. బందరులో మోటార్లకి వైండింగు చేసే ఆయన దాన్ని వెలుతుర్లో పెట్టి చూసి, ఇది తీగ కాదనీ, ఎవరో పసిబిడ్డకి పుట్టువెంట్రుకలు తీసినట్టుందనీ, తన వల్ల కాదనీ చేతులెత్తేశాడు. ఇక కొత్తది కొనాల్సిందే. అప్పుడు నా అవసరం పడింది. నాకు వాయించడం రాకపోయినా వెతకడం వచ్చు.

రెండు రోజులు ఆఫీసు కంప్యూటరు ముందు నేను చూపించిన ఏకాగ్రత చూసి మా పై అధికారి నా మీద నమ్మకం పెంచుకున్నాడు. ఎంత చుట్టారన్నది ఓముల్లో చెబుతారని అక్కడే తెలిసింది. అప్పటిదాకా ఓం అంటే మా ఇంట్లో అగరొత్తుల డబ్బా మీద ఉండేదే. ఇక్కడ కిలో ఓములట. కిలోల్లెక్కన వచ్చేవి చేపలొక్కటే అనుకున్నాను. ఒకటి ఆరు కిలో ఓములు, ఒకటి పద్నాలుగు. నేను ఎకరానికి నలభై బస్తాలంటే ముప్పై కన్నా మేలనే ఇంట్లో పెరిగాను. పద్నాలుగు ఓముల దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి తీసుకెళ్ళాను.

లీడు గారు ఆ కాగితం నిదానంగా చదివారు. "ఓములు రాశావు, అయస్కాంతం రాశావు, రంగు రాశావు. ముల్లెంతో రాయలేదే" అన్నారు.

"అది రాయరండీ."

"రాయరు గదా. మరి కాగితం చూసి ఎట్టా కొంటాం? ఇంటాం, కొంటాం."

పద్నాలుగు ఓములది ఎందుకు వద్దో ఆయన ఇంజను భాషలో చెప్పారు. చుట్లు ఎక్కువైతే శబ్దం బలుస్తుంది, నిజమే. బలిసేకొద్దీ సన్నటి అంచు మొద్దుబారుతుంది. నేను ఒప్పుకోలేదు. అన్నిచోట్లా దాన్నే మెచ్చుకున్నారండీ అన్నాను. "మెచ్చుకున్నోళ్ళు సముద్రం ఒడ్డున వాయించారా?" అని అడిగారు. ఆ వివరం నా కాగితాల్లో లేదు.

గుడివాడలో హార్మోనియాలూ తబలాలూ గిటార్లూ అమ్మే షాపు ఒకటుంది. వెళ్ళాం. షాపాయన రెండు రకాలూ లోపలున్నాయన్నాడు గాని, కొనకముందు తగిలించి చూడ్డం కుదరదన్నాడు. అన్యాయమేమీ లేదు. లీడు గారు సరేనండి అని, గిటారు సంచి ఒళ్ళో పెట్టుకుని షాపు మెట్టు మీద కూర్చున్నారు. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ బస్సెక్కి వెళ్ళి కూర్చున్నారు. బతిమాలలేదు, వచ్చేపోయేవాళ్ళకి దారి విడుస్తూ కూర్చున్నారు. మూడో రోజు నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. లేవండి మావయ్యా, వేరే షాపు చూద్దామన్నాను. కాలవగట్టు మీది కొంగని చూపించినట్టు తనని తాను చూపించుకుని, "కొంగ ఎప్పుడన్నా వేరే కాలవ చూద్దామంటదా?" అన్నారు. ఆ మధ్యాహ్నం షాపాయన లోపల్నుంచి రెండు పెట్టెలు తెచ్చి ఆయన పక్కన పెట్టాడు. ఒకటి పద్నాలుగు ఓములది, ఒకటి ఆరు.

"మీరు కూర్చుంటే నాకు తినబుద్ధి కావట్లేదండీ. గీత పడకుండా చూసుకోండి" అన్నాడు.

ఆయన మెట్టు మీదే తువ్వాలు పరిచి, తీగలు సడలించి, గిటారు పైరేకు ఎత్తి, వైర్లు అతికించకుండా క్లిప్పులతో పట్టించి, మళ్ళీ తీగలు బిగించి, శ్రుతి చేశారు. ఇదంతా ఒక్కో పికప్‌కీ ఒక్కోసారి. ముందు పద్నాలుగుది. షాపులోని చిన్న ఆంప్లిఫయరుకి పెట్టి మీటగానే తబలాలు కూడా వణికాయి. షాపాయన తల ఊపాడు. నేను మరీ ఊపాను. తర్వాత ఆరుది. దాని పక్కన ఇది ఒంటిపూట ఉపవాసం ఉన్నట్టుంది. సన్నగా, కొంచెం చిరాగ్గా. షాపాయన నావైపు చూసి పెదవి విరిచాడు. ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చేశాం. మా నిర్ణయం ఆయన అడగలేదు.

"అల్లుడూ, రోడ్డు దాటు. ఆ ఎరువుల కొట్టు అరుగు మీద నుంచో. రెండూ ఒకే మోతలో పెట్టి వాయిస్తా."

బలమైనదాన్ని తగ్గించి వినడం దానికి అన్యాయం కదా అన్నాను. "వ్యానులో ఉన్న బాక్సులు అవే. అక్కడ దీనికి వేరే బాక్సులు కొనిస్తారా?" అన్నారు. రోడ్డు దాటాను. ధాన్యం లోడు ట్రాక్టరొకటి, రెండు లారీలు, లెక్కలేనన్ని ఆటోలు. ముందు ఆయన మళ్ళీ పద్నాలుగుది ఎక్కించి వాయించారు. వాయిస్తున్నట్టు చేతులు కనపడుతున్నాయి. శబ్దం వస్తోంది గాని, ఏది ట్రాక్టరో ఏది గిటారో విడదీసుకోలేకపోయాను. ఈసారి పికప్ మార్చడానికి పట్టినంతసేపూ నేను ఆ అరుగు మీదే నిలబడ్డాను. ఎరువుల కొట్టాయన నాకు రెండుసార్లు యూరియా కావాలా అని అడిగాడు. తర్వాత ఆరుది మొదలైంది. లారీ అడ్డం వచ్చింది. లారీ కిందనుంచో పైనుంచో ఒక్కో స్వరమూ విడివిడిగా రోడ్డు దాటి వచ్చి నా చెవిలో దిగింది. యూరియా ఆయన కూడా మాట ఆపి అటు చూశాడు.

తిరిగి రోడ్డు దాటి వెళ్ళి, నాది తప్పండీ అన్నాను. ఆయనకి గెలిచిన సంతోషమేమీ లేదు. "తప్పేం కాదు. ముందు కూచున్నోడికి ఎప్పుడూ కండే కనపడుద్ది. పడవ వస్తందో లేదో ఒడ్డు మీదోడు చెప్పాల" అన్నారు. అని, పెట్టె తిప్పి చూసి, అది బ్రిడ్జిదేనా, పొరపాటున మెడదా అని రెండుసార్లు అడిగి, స్కేలు పెట్టి దాని బొడిపెల దూరం తన గిటారు తీగలతో సరిపోల్చుకుని, అప్పుడు కొన్నారు.

బందరు బస్సులో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దారి పొడుగునా పొలాల్లో కోతలు మొదలయ్యాయి. నాకు మనసులో ఉన్నది అడిగేశాను. ఇంత చేసినా లీడరు గారు కీబోర్డే చాలంటే ఏం చేస్తారు అని.

ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "ఆయన అననక్కర్లేదు అల్లుడూ. వినపడకపోతే నేనే దిగిపోతా. అది నా ముచ్చట గాదు, పని. వినపడితే మాత్రం వయసైందని దిగను. వ్యానులో సీటు చాల్లేదని దిగను. సరదాగా అసలు దిగను."

ఆ ఒక్కసారే ఆయన గొంతు పెరగడం నేను విన్నాను. ముందు సీటులో పిల్లాడు లేచి వెనక్కి చూశాడు.

ఇంట్లో వైర్లు ఆయనే అతికించారు. ఉప్పుగాలి మళ్ళీ లోపలికి దూరకుండా అతుకుల మీద కూతురి గోళ్ళరంగు పూశారు. అది ఆరేదాకా గిటారుని పీట మీద కూర్చోబెడితే వాళ్ళావిడ దాన్ని చూసి, పారాణి పెట్టారు, ఇక పెళ్ళే తరువాయి అంది. తర్వాత రోజుల్లో ఆయన పనులు మానలేదు. ఇంజన్లు విప్పారు, బిగించారు. సాయంత్రాలు మాత్రం గిటారుని పడవల దగ్గరికి తీసుకెళ్ళి వాయిస్తూ, ఒడ్డు వెంట నన్ను దూరంగా, ఇంకా దూరంగా నడిపించేవారు. వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. నా జీవితంలో నేను అంత నిజాయితీగా చెయ్యెత్తింది, దించింది మళ్ళీ లేదు. పికప్‌ని ఒక్కో మర తిప్పి, తీగలకి కాస్త దగ్గరికి, కాస్త దూరానికి జరిపి, అయిదో రోజుకి ఒకచోట వదిలేశారు.

తిరునాళ్ళ రోజు మధ్యాహ్నం రెండింటికే మేం స్టేజీ ఎక్కాం. అక్కడ గాలికి హద్దుండదు. సముద్రం మీంచి వచ్చి బాక్సుల్లోంచి వచ్చినదాన్ని వచ్చినట్టు ఎత్తుకుపోతుంది. లీడరు గారు గొడుగు వేసుకుని, జీళ్ళ కొట్లూ గాజుల కొట్లూ దాటుకుంటూ మైదానం చివరికి నడిచి, రంగులరాట్నం పక్కన నిలబడ్డారు. స్టేజీ మీంచి చూస్తే గొడుగొక్కటే ఆనవాలు.

కీబోర్డు అతను ముందు వాయించాడు. పాపం, బాగానే వాయించాడు. పైగా లీడు గారి ముక్క స్వరం పొల్లుపోకుండా వాయించాడు. గొడుగు కదల్లేదు. లీడు గారు నిమ్మచెక్క తీసి చేతులు రుద్దుకుంటున్నారు. ఆ పని ఇంటి దగ్గరే ఒకసారి అయ్యిందని నాకు తెలుసు. పది వేళ్ళూ వాసన చూసుకున్నారు. తర్వాత నావైపు తల తిప్పి, వెనక తాళానికి నన్ను కూడా పట్టమన్నారు. కీబోర్డుకి వెనక తోడుంది గదా, పరీక్ష సమానంగా ఉండాలి.

వాయించారు. ఇంత దగ్గర కూర్చున్న నాకు అది ఎప్పటిలాగే సన్నగా, కొంచెం చిరాగ్గానే వినిపించింది. జీళ్ళు తూస్తున్న ఒకామె తక్కెడ దించి ఇటు చూడ్డం కనపడింది. గొడుగు మాత్రం అక్కడే ఉంది. ముక్క అయిపోయింది. ఆయన ఆపకుండా మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. అప్పుడు గొడుగు మూసుకుంది.

లీడరు గారు నడిచి వస్తున్నారు. రంగులరాట్నం దాటారు, గాజుల కొట్లు దాటారు. ఆయన మొహంలో ఏముందో చూద్దామంటే ఎండ. అంత దూరం నడిచి చెప్పాల్సింది ఏముంటుంది, బాగుంటే అక్కణ్ణుంచే చెయ్యి ఊపొచ్చు గదా అనుకుంటూ తాళం పడుతున్నాను. లీడు గారు వాయిస్తూనే ఉన్నారు. ఆయన చూపు తీగల మీదే ఉంది.

లీడరు గారు స్టేజీ కిందకొచ్చి, రొప్పుతూ, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నారు.

"కొంచెం తగ్గించు బావా. అంత దూరాన చెవిలో గుచ్చుకుంటోంది. కీబోర్డు బాబూ, నువ్వు ఆ గిటారు మీట వదిలెయ్. నీ పని నువ్వు చూసుకో."

"అమ్మయ్య" అన్నాడు కీబోర్డు అతను. "నాకున్నవి రెండు చేతులే గదండీ."

లీడు గారు శబ్దం తగ్గించే నాబ్ మీద చెయ్యి వేశారు. నేను పక్కనే ఉన్నాను గనక చూశాను. చెయ్యి వేశారంతే, తిప్పలేదు. అదే ముక్క అదే మోతలో మళ్ళీ ఒకసారి వాయించి, "ఇప్పుడో?" అని అడిగారు.

లీడరు గారు తల ఒక పక్కకి వాల్చి విన్నారు. "ఆ. ఇప్పుడు సరిపోయింది" అని గొడుగు తెరుచుకుని వ్యాను వైపు వెళ్ళిపోయారు.

ఆయన కాస్త దూరం పోయేదాకా ఆగి, లీడు గారు నావైపు వంగారు.

"నువ్వు మాత్రం నిజంగా తగ్గించు అల్లుడూ. అడ్డం వస్తన్నావు."

తగ్గించాను.